ఇంక్‌జెట్‌తో ముద్రించిన ట్రాన్సిస్టర్లు: సిరింగ్‌హౌస్ పరిశోధన ప్రభావాన్ని ఎలా అంచనా వేయాలి?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. ఎం.టెక్ సెమినార్ కోసం మీరు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన హెన్నింగ్ సిరింగ్‌హౌస్ ఇంక్‌జెట్ ట్రాన్సిస్టర్ల మీద చేసిన పనిని ఎంచుకున్నారు. 2000 డిసెంబరులో సైన్స్ పత్రికలో వచ్చిన ఆయన వ్యాసానికి సైటేషన్లు వేలల్లో ఉన్నాయి. అయినా ఇరవై ఏళ్లు దాటాక కూడా, ఇంక్‌జెట్‌తో ముద్రించిన ట్రాన్సిస్టర్లున్న వస్తువు ఒక్కటీ మీకు దుకాణంలో కనిపించలేదు. కాబట్టి ఆ ప్రభావం నిజమైనదా, లేక పరిశోధకులు ఒకరి వ్యాసాలను ఒకరు ఉటంకించుకోవడం వల్ల పెరిగిన అంకె మాత్రమేనా అని అడిగారు.

ప్రభావం నిజమైనదే. అయితే అది సైటేషన్ల అంకెలో సరిగా కనిపించదు, దుకాణంలోనూ కనిపించదు. నా అభిప్రాయంలో ఆ వ్యాసం చేసిన అసలు పని, సమస్యను వెతకవలసిన చోటును మార్చడం. ఇంక్‌జెట్‌తో సర్క్యూట్ వేయాలనుకున్న ఎవరికైనా మొదట చూపు నాజిల్ మీదికే, అంటే సిరా చుక్కను వదిలే సన్నని రంధ్రం మీదికే పోతుంది: చుక్కను ఇంకా చిన్నది చేయాలి, ఇంకా సూటిగా పడేట్టు చేయాలి అనిపిస్తుంది. చుక్క ఎలా పడినా సరే, అది పడే ఉపరితలం దానిని సరైన చోటికి చేర్చగలదని ఆ వ్యాసం చూపించింది. నేను పన్నెండేళ్లుగా ఈ ప్రింటర్లతో పనిచేస్తున్నాను. ఆ ఒక్క ఆలోచన ఎంత దూరం వెళ్లిందో రోజూ చూస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు సమస్య ఎంత కఠినమైనదో అంకెల్లో చూద్దాం. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే కార్ట్రిడ్జి ఒక్కో చుక్కకు 10 పికోలీటర్ల ద్రవం వదులుతుంది. గాలిలో ఉన్నప్పుడు ఆ చుక్క వ్యాసం దాదాపు 27 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంటే తలవెంట్రుక మందంలో సగం కన్నా తక్కువ. గాజు మీద పడి పరచుకుంటే 50 మైక్రాన్లో, అంతకన్నా ఎక్కువో అవుతుంది. నాజిల్‌కూ గాజుకూ మధ్య ఒక మిల్లీమీటరు దూరం ఉందనుకుంటే, చుక్క అర డిగ్రీ పక్కకు వంగినా దాదాపు 9 మైక్రాన్లు తప్పి పడుతుంది. నాజిల్ అంచున ఆరిపోయిన సిరా కొద్దిగా అంటుకుని ఉన్నా ఆ అర డిగ్రీ వంపు వచ్చేస్తుంది. దీనిని నేను, చుక్కలు పడటాన్ని చూపించే డ్రాప్ వాచర్ కెమెరాలో ఎన్నోసార్లు చూశాను. పదహారు నాజిళ్లలో పదిహేను తిన్నగా వదులుతుంటాయి. ఒకటి మాత్రం పక్క చుక్క దారిలోకి వంగి, చివరికి దానితో కలిసిపోతుంది.

ఇప్పుడు ట్రాన్సిస్టర్ సంగతి. సోర్స్, డ్రెయిన్ అనే రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఉండే ఖాళీని చానెల్ పొడవు అంటారు. మిగతావన్నీ మారకుండా ఉంటే, ట్రాన్సిస్టర్ ఎంత వేగంగా స్విచ్ కాగలదన్నది ఆ పొడవు వర్గానికి విలోమంగా మారుతుంది. చుక్కలు అటూ ఇటూ పడతాయన్న భయంతో 50 మైక్రాన్ల ఖాళీ వదిలితే షార్ట్ కాకుండా భద్రంగా ఉంటుంది. దానినే 5 మైక్రాన్లకు తగ్గించగలిగితే వేగం వంద రెట్లు పెరుగుతుంది. కానీ ఒక్కో చుక్క 9 మైక్రాన్లు తప్పి పడే యంత్రంతో 5 మైక్రాన్ల ఖాళీని షార్ట్ కాకుండా ఎలా వదలగలం? ఆ వ్యాసానికి ముందు అసలు చిక్కు ఇదే.

సిరింగ్‌హౌస్ బృందం చేసినది వినడానికి చాలా సాదాగా ఉంటుంది. గాజు పలక మీద పాలిమైడ్ అనే పాలిమర్‌తో 5 మైక్రాన్ల వెడల్పున్న సన్నని పట్టీ వేశారు. గాజు నీటిని తనపై పరచుకోనిస్తుంది, పాలిమైడ్ పరచుకోనివ్వదు. తామరాకు మీద నీటి బొట్టు ఎలా నిలవదో, ఈ పట్టీ మీద నీటి ఆధారిత సిరా కూడా అలాగే నిలవదు. వారి సిరా పెడాట్-పీఎస్ఎస్ అనే విద్యుద్వాహక పాలిమర్, దానిని నీటిలో కలిపి వాడతారు. పట్టీకి ఒక వైపు సోర్స్ కోసం, మరో వైపు డ్రెయిన్ కోసం చుక్కలు వేశారు. చుక్క కొంచెం తప్పి పట్టీ అంచుకు తగిలినా, ఆ పట్టీ దానిని గాజు వైపు నెట్టేసింది. ఆరిన తర్వాత రెండు ఎలక్ట్రోడ్ల మధ్య మిగిలింది పట్టీ వెడల్పు అంత ఖాళీ, అంటే సరిగ్గా 5 మైక్రాన్లు. దాని మీద అర్ధవాహక పాలిమర్ పొర, ఆపైన పాలీవినైల్ ఫినాల్‌తో విద్యుత్ నిరోధక పొర పరిచి, అన్నిటికన్నా పైన గేట్‌ను, అంటే ట్రాన్సిస్టర్‌ను ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రోడ్‌ను మళ్లీ ఇంక్‌జెట్‌తో ముద్రించారు. మొబిలిటీ, అంటే అర్ధవాహకంలో విద్యుదావేశం ఎంత సులువుగా కదులుతుందో చెప్పే కొలత, వోల్ట్-సెకనుకు 0.02 చదరపు సెంటీమీటర్లు వచ్చింది, ఆన్ కరెంటుకూ ఆఫ్ కరెంటుకూ మధ్య నిష్పత్తి 1,00,000 దాకా వెళ్లింది.

ఈ అంకెలను మీ సెమినార్‌లో సరిగ్గా చూపించండి. అప్పటి తెరల్లో వాడుతున్న ఎమార్ఫస్ సిలికాన్ మొబిలిటీ 0.5 నుంచి 1 వరకు ఉండేది. దాని పక్కన 0.02 పెద్దది కాదు. ఆ వ్యాసం గొప్పతనం మొబిలిటీలో లేదు. ముద్రణ యంత్రం కచ్చితత్వానికీ సర్క్యూట్ కచ్చితత్వానికీ మధ్య ఉన్న ముడిని విడదీయడంలో ఉంది. కాలం కూడా కలిసి వచ్చింది. విద్యుత్తును ప్రసరింపజేసే పాలిమర్లను కనుగొన్నందుకు హీగర్, మెక్‌డయార్మిడ్, షిరకావాలకు రసాయన శాస్త్రంలో నోబెల్ ప్రకటించినది అదే ఏడాది అక్టోబరులో.

నా అనుభవం నుంచి ఒక సంగతి చెబుతాను. ఈ రంగంలోకి వచ్చిన మొదటి ఏడాది నాకు అప్పగించిన పని పాలిమైడ్ ఫిల్ము మీద వెండి నానోకణాల సిరాతో సన్నని గీతలు వేయడం. కొన్ని రోజులు గీతలు అంచుల దగ్గర కూడా నున్నగా వచ్చేవి. మరికొన్ని రోజులు అదే ఫైలు, అదే సిరా, అదే కార్ట్రిడ్జి వాడినా గీత తెగిపోయి, వరుసగా పేర్చిన పూసల్లా విడివిడి బొట్లుగా మిగిలేది. నేను నాజిల్‌నే అనుమానించాను. వోల్టేజీ మార్చాను, పల్స్ ఆకారం మార్చాను, సిరాను మళ్లీ వడపోశాను, కార్ట్రిడ్జిలు మార్చాను. అలా మూడు నెలలు గడిచాయి. ఒకరోజు పక్క ల్యాబులో ఉపరితల రసాయనం మీద పనిచేసే సీనియర్ ఒకరు నా నోట్‌బుక్ చూసి, "ప్లాస్మాలో పెట్టిన ఎంతసేపటికి ప్రింట్ చేస్తున్నారు?" అని ఒక్కటే అడిగారు. ఆ సమయం నేను ఎక్కడా రాసుకోలేదు. ప్లాస్మా శుద్ధి (అయనీకరించిన వాయువుతో ఉపరితలాన్ని శుభ్రం చేయడం) తర్వాత పాలిమర్ ఉపరితలం సిరాను బాగా పరచుకోనిస్తుంది, కానీ గంటలు గడిచేకొద్దీ ఆ గుణాన్ని కోల్పోతుంది. ఉదయం శుద్ధి చేసిన ఫిల్ము మీద ఉదయమే వేసిన గీతలు బాగున్నాయి. సాయంత్రం వేసినవి పూసలయ్యాయి. ఆ రోజు నుంచి ప్రతి ఫిల్ము వెనుకా శుద్ధి చేసిన సమయం మార్కర్‌తో రాయడం మొదలుపెట్టాను. ఇప్పటికీ మా ల్యాబులో అలాగే రాస్తాం.

ఈ విషయం ఎందుకు చెప్పానంటే, సిరింగ్‌హౌస్ వ్యాసాన్ని నేను అప్పటికే చదివి ఉన్నాను. నా ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీలో దానిని ఉటంకించాను కూడా. కానీ దాని సారం నా చేతుల్లోకి రాలేదు. ఉటంకించడం వేరు, అందులోని ఆలోచనను వాడుకోవడం వేరు. మీ ప్రశ్నలో ఉన్న అనుమానానికి నిజమైన ఆధారం ఇక్కడే ఉంది.

తర్వాత ఒక సమీక్షా వ్యాసం కోసం ఈ వ్యాసాన్ని ఉటంకించిన పత్రాలను వరుసగా తెరిచి చదివాను. చాలావాటిలో దాని పేరు మొదటి పేరాలోనే వస్తుంది: "ముద్రిత ఎలక్ట్రానిక్స్ ఇటీవల ఎంతో ఆసక్తి రేపుతోంది" అన్న వాక్యం చివర మరో అయిదారు సంఖ్యలతో కలిసి ఒక సంఖ్యగా కూర్చుంటుంది. అది మర్యాద కోసం చేసిన ఉటంకింపు. అటువంటివాటిని లెక్కలోంచి తీసేయండి. కొన్ని పత్రాల్లో మాత్రం ఆ పేరు ప్రయోగ పద్ధతి రాసిన భాగంలో వస్తుంది, లేదా ఫలితాల చర్చలో "ఫలానా కారణం వల్ల మేము వేరే దారి పట్టాం" అన్న చోట వస్తుంది. మీకు కావలసినవి అవే. ఒక రోజు కూర్చుని ముప్పై నలభై పత్రాలను ఇలా విడదీస్తే, ప్రభావం గురించి ఏ సూచికా చెప్పలేని సంగతి మీకు తెలుస్తుంది. రివ్యూ వ్యాసాల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. పాల్ కాల్వర్ట్ 2001లో, డి గాన్స్, డైనెవెల్డ్, షూబర్ట్ 2004లో, బ్రయాన్ డర్బీ 2010లో రాసిన రివ్యూలు ఈ రంగంలో అందరూ చదివేవి. వాటికి వచ్చే ఉటంకింపుల్లో చాలా భాగం, అసలు ప్రయోగాలు చేసినవారికి చేరవలసినవే.

ఇక ఆ వ్యాసం పరిమితుల గురించి. దీనిని ఎవరూ సెమినార్లలో చెప్పరు, మీరు చెబితే బాగుంటుంది. వ్యాసం పేరు పూర్తి పాలిమర్ సర్క్యూట్ల ఇంక్‌జెట్ ముద్రణ గురించే మాట్లాడుతుంది. కానీ కీలకమైన ఆ పాలిమైడ్ పట్టీని తయారు చేసింది ఫోటోలితోగ్రఫీతోనే, అంటే కాంతితో ఆకారాలు గీసే చిప్పుల పరిశ్రమ పద్ధతితోనే. అర్ధవాహక పొరనూ నిరోధక పొరనూ స్పిన్ కోటింగ్‌తో, అంటే పలకను వేగంగా తిప్పుతూ ద్రవాన్ని పరిచారు. అంటే ఏ ఖరీదైన పద్ధతిని తప్పించాలని ముద్రణను ఎంచుకుంటున్నామో, ఆ పద్ధతి ఒక మెట్టు వద్ద అలాగే ఉండిపోయింది. ఇది దాచిన విషయం కాదు, వ్యాసంలోనే స్పష్టంగా ఉంది. కానీ పేరు మాత్రమే చదివి ఉటంకించేవారికి అది తెలియదు.

ఈ లోటుకు జవాబు అదే బృందం నుంచి వచ్చింది. 2005లో సీలె, వాన్ వెర్న, రిచర్డ్ ఫ్రెండ్, సిరింగ్‌హౌస్ కలిసి లితోగ్రఫీ అసలు లేని పద్ధతిని ప్రచురించారు. ముందు ఒక ఎలక్ట్రోడ్‌ను ముద్రించారు. దాని ఉపరితలాన్ని సిరాను వికర్షించేలా మార్చారు. తర్వాత రెండో చుక్కను కావాలనే మొదటిదాని అంచు మీద పడేట్టు వేశారు. రెండో చుక్క మొదటిదాని మీద నిలవలేక పక్కకు జారి, ఆనుకుని ఆరిపోతుంది. మధ్యలో 100 నానోమీటర్ల కన్నా తక్కువ ఖాళీ మిగులుతుంది. చుక్క తప్పి పడటం ఇక లోపం కాదు, పద్ధతిలో ఒక భాగం. నేను ఈ వ్యాసాన్ని మొదటిసారి చదివినప్పుడు రేఖాచిత్రం ముందు చాలాసేపు కూర్చుండిపోయాను. ప్రభావం గురించి మాట్లాడేటప్పుడు ఇటువంటి వరుసను చూపించాలి: 2000లో ఒక ఆలోచన, దానిలో ఒక లోటు, 2005లో అదే ఆలోచనతో ఆ లోటు తీర్చడం.

అదే కోవలో మరొకటి. 1997లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ డీగన్ బృందం నేచర్ పత్రికలో కాఫీ మరక రహస్యాన్ని వివరించింది. చుక్క అంచు ఉపరితలానికి అతుక్కుని కదలకుండా ఉంటే, అంచు దగ్గర ఆవిరి కావడం వేగంగా జరుగుతుంది. ఆ నష్టాన్ని పూడ్చడానికి ద్రవం మధ్య నుంచి అంచుకు పారుతుంది, కణాలనూ మోసుకుపోతుంది. అందుకే ఆరిన మరకకు చుట్టూ గట్టు, మధ్యలో పలుచదనం. ఇంక్‌జెట్ మనుషులకు ఇది పెద్ద తలనొప్పి. అయితే సిరింగ్‌హౌస్ వ్యాసంలో సహరచయిత అయిన టకెయో కవాసె, 2001లో ఇదే స్వభావాన్ని పనిముట్టుగా మార్చారు. నిరోధక పాలిమర్ పొర మీద ఒకే చోట ఇథనాల్ చుక్కలు వేశారు. ఇథనాల్ పాలిమర్‌ను కరిగించి, ఆరుతూ దానిని అంచుకు నెట్టింది. మధ్యలో రంధ్రం ఏర్పడింది, కింది పొరకూ పై పొరకూ మధ్య కనెక్షన్ ఇవ్వడానికి దారి దొరికింది. డ్రిల్ లేదు, ఎచింగ్ లేదు.

ప్రభావాన్ని ఒక్క మనిషి ఖాతాలో వేయకండి. 2000 వ్యాసానికి రచయితలు ఏడుగురు. కవాసె, షిమోదా సైకో ఎప్సన్ వారు, అంటే ఇంక్‌జెట్ తల తయారు చేసే సంస్థ మనుషులు. ఇన్బశేఖరన్, డబ్ల్యూ. వూ, ఇ.పి. వూ అనే ముగ్గురు డౌ కెమికల్‌కు చెందిన పాలిమర్ రసాయనవేత్తలు. ఫ్రెండ్, సిరింగ్‌హౌస్ కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాల భౌతిక శాస్త్రవేత్తలు. ఈ మూడు బృందాల్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ పని ఆ రూపంలో జరిగేది కాదు. మరో పక్క, సిరింగ్‌హౌస్ మొత్తం సైటేషన్లలో పెద్ద వాటా ఇంక్‌జెట్‌ది కాదు. సేంద్రియ (కార్బన్ ఆధారిత) అర్ధవాహకాల్లో విద్యుదావేశం ఎలా కదులుతుందన్న ప్రశ్నది. 1999లో నేచర్‌లో వచ్చిన ఆయన పాలిథయోఫీన్ వ్యాసం ఆ దారిలోదే. ఆయన హెచ్-ఇండెక్స్ (ఒకరి వ్యాసాలన్నిటికీ వచ్చిన ఉటంకింపులను బట్టి లెక్కించే సూచిక) చూపించి దానిని ముద్రణ పని ప్రభావంగా చెబితే అది తప్పు.

పోలిక కోసం మరొకరి పనిని కూడా చూడండి. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వివేక్ సుబ్రమణియన్ బృందం ఇదే సమస్యను మరో చివర నుంచి పట్టుకుంది. బంగారం 1064 డిగ్రీల వద్ద కరుగుతుంది, మామూలు ప్లాస్టిక్ దానిలో నాలుగో వంతు వేడిని కూడా తట్టుకోలేదు. కానీ బంగారాన్ని కొద్ది నానోమీటర్ల కణాలుగా చేస్తే ప్లాస్టిక్ తట్టుకోగల ఉష్ణోగ్రతలోనే అవి ఒకదానితో ఒకటి అతుక్కుని లోహపు గీత అవుతాయి. 2003 నుంచి ఆ బృందం ఆ సిరాల మీద, 2005లో పూర్తిగా ముద్రించిన ఆర్ఎఫ్ఐడీ ట్యాగుల (రేడియో తరంగాలతో వస్తువును గుర్తించే చీటీల) లక్ష్యం మీద రాసింది. ఆ ట్యాగులు పనిచేయవలసిన ఫ్రీక్వెన్సీ 13.56 మెగాహెర్ట్జ్, చానెల్ పొడవు ఎందుకంత ముఖ్యమో ఆ ఒక్క అంకె చెబుతుంది. నా రోజువారీ పనిలో మాత్రం నేను ఎక్కువసార్లు తెరిచేది 2008లో సోల్ట్‌మన్, సుబ్రమణియన్ లాంగ్‌ముయిర్ పత్రికలో రాసిన వ్యాసం. చుక్కల మధ్య దూరమూ సమయమూ మారుతుంటే గీత ఎప్పుడు విడివిడి బొట్లు అవుతుందో, ఎప్పుడు అంచులు వంకరలు తిరుగుతాయో, ఎప్పుడు నున్నగా వస్తుందో, ఎప్పుడు ఉబ్బుతుందో వారు వరుసగా చూపించారు. ఉపరితలం ఉష్ణోగ్రత మార్చి కాఫీ మరకను అదుపు చేయడం కూడా అందులోనే ఉంది. కొత్తగా చేరిన ప్రతి విద్యార్థికీ నేను మొదట ఇచ్చేది ఇదే.

దుకాణం సంగతికి వస్తాను. కావెండిష్ పని ఆధారంగా 2000లో ప్లాస్టిక్ లాజిక్ అనే సంస్థ పుట్టింది. 2008లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో కర్మాగారం తెరిచింది. 2010 జనవరిలో క్యూ అనే ఈ-రీడర్‌ను ప్రదర్శించి, అదే ఏడాది దానిని రద్దు చేసుకుంది. ఐప్యాడ్ వచ్చింది కూడా అదే ఏడాది. దీనిని చూసి పరిశోధన విఫలమైందని రాయకండి. ఒక ఉత్పత్తి అమ్ముడవడానికి ధర, సమయం, పోటీ లాంటివి ఎన్నో కలిసి రావాలి. వాటిలో దేనికీ చుక్క భౌతిక శాస్త్రంతో సంబంధం లేదు. పైగా ఇంక్‌జెట్ పరిశ్రమలోకి వేరే ద్వారం నుంచి ప్రవేశించింది. వంగే ఓఎల్ఈడీ తెరల్లోకి తేమ, గాలి చొరబడకుండా కప్పే పొరల మధ్య సేంద్రియ పొరను వేయడానికి కర్మాగారాల్లో ఇంక్‌జెట్ వాడుతున్నారు. మీ చేతిలో ఉన్న ఫోన్ తెరలోనే అటువంటి పొర ఉండవచ్చు. అక్కడ ముద్రించేది ట్రాన్సిస్టర్ కాదు, కానీ సిరా ఎంత పరచుకోవాలి, ఏ అంచు వద్ద ఆగాలి అన్న ప్రశ్నలు ఇవే.

మరో వైపు, 2013లో టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన కవహర బృందం వేడి అవసరం లేని వెండి సిరాను మామూలు ఇంటి ప్రింటర్‌లో పోసి, ప్రత్యేకమైన కాగితం మీద నిమిషాల్లో సర్క్యూట్లు వేసి చూపించింది. అక్కడ కూడా సగం రహస్యం కాగితం పై పూతలోనే ఉంది. మన దేశంలో ఈ పనిని దగ్గరగా చూడాలంటే ఐఐటీ కాన్పూర్‌లో ఫ్లెక్సిబుల్ ఎలక్ట్రానిక్స్ కోసం ఏర్పాటు చేసిన జాతీయ కేంద్రం ఉంది.

మీ సెమినార్‌కు ఒక సలహా. సైటేషన్ల గ్రాఫుతో మొదలుపెట్టకండి. ఒక గాజు స్లైడును సబ్బుతో బాగా కడిగి ఆరబెట్టండి. సగభాగం మీద కొవ్వొత్తి మైనం పలుచగా రుద్ది, నున్నగా తుడవండి. నీటిలో రెండు చుక్కల రంగు కలిపి, సన్నని సిరంజితో మైనపు అంచు మీదనే ఒక చిన్న బొట్టు వదలండి. ఫోన్ కెమెరాను దగ్గరగా పెట్టి వీడియో తీయండి. మొదటి ప్రయత్నంలో బొట్టు పెద్దదై సగం అటు, సగం ఇటు నిలిచిపోవచ్చు. అప్పుడు ఇంకా చిన్న బొట్టు వేయండి. అది మైనం వైపు నుంచి జరిగి శుభ్రమైన గాజు మీదికి పోయి, అంచు వెంబడి తిన్నని గీత గీసినట్టు ఆగుతుంది. ఆ వీడియో తర్వాత 2000 వ్యాసంలోని మొదటి చిత్రం చూపించండి, దాని పక్కనే 2005 వ్యాసంలోని చిత్రం పెట్టండి. మీరు విడదీసిన పత్రాల జాబితా తయారయ్యాక ఇక్కడే పెడితే, ఏవి నిజంగా ఆ ఆలోచనను వాడుకున్నాయో నేనూ చూసి చెబుతాను.